'ప్రమాదం' అనే మాటపై దర్యాప్తు

అపరాధ పరిశోధక నవలని మన విమర్శకులు ఎప్పుడూ గడప బయటే నిలబెట్టారు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్‌నీ, అసిస్టెంట్ రాజునీ అద్దె పుస్తకాల షాపుల నుంచి తెచ్చుకుని రాత్రికి రాత్రి చదివినవాళ్లే, తెల్లారాక సాహిత్య సభల్లో వాటి ఊసెత్తేవారు కాదు. కాలక్షేప సాహిత్యం అన్న ముద్రతో సరిపెట్టారు. ఆ ముద్రలో కొంత న్యాయం లేకపోలేదు. ఈ తరహా నవలల్లో హంతకుడు దొరికిన మరుక్షణం సమాజం నిర్దోషి అయిపోతుంది. దోషమంతా ఒక్క మనిషి దురాశలోనో పగలోనో ఉందని తేలాక పాఠకుడు హాయిగా నిద్రపోతాడు.

అయితే ఈ ప్రక్రియకి ఇంతకు మించిన శక్తి లేదా? అమెరికన్ రచయిత్రి సారా పెరెట్‌స్కీ 1984లో ప్రచురించిన 'డెడ్‌లాక్' ఈ ప్రశ్నకి గట్టి జవాబు. ఇందులో పరిశోధకురాలు వి.ఐ. వార్షాస్కీ. పోలీసు ఉద్యోగి కూతురు. తల్లి ఇటలీ నుంచి వలస వచ్చిన మనిషి. చికాగో దక్షిణ భాగంలో, ఉక్కు మిల్లుల నీడలో పెరిగి, లా చదివి, పేదల తరఫున ప్రభుత్వ న్యాయవాదిగా పనిచేసి, తర్వాత డిటెక్టివ్ అయింది. ఆమెతో కలిసి పెరిగిన బంధువు, అన్న వరస వాడు, బూమ్ బూమ్. పేరున్న హాకీ ఆటగాడు. కాలు దెబ్బతిని ఆట మానేశాక ఒక ధాన్యం కంపెనీలో ఉద్యోగానికి చేరాడు. రేవు గట్టు మీంచి జారి ఓడ చక్రం కింద పడి చచ్చిపోయాడని కబురొస్తుంది. ప్రమాదం అన్నారు అందరూ. ఆమె ఆ మాట ఒప్పుకోదు. నవల అంతా ఆ ఒక్క మాట మీద పోరాటమే.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. సంప్రదాయ డిటెక్టివ్‌కి శవంతో బంధుత్వం ఉండకూడదు. బంధుత్వం ఉంటే బుద్ధి మసకబారుతుందని ఆ ప్రక్రియ నమ్మకం. తటస్థుడే సత్యం చూడగలడన్నది మరేమిటి, వర్గ సమాజం చెప్పే పాత మాటే కదా! పెరెట్‌స్కీ దీన్ని తలకిందులు చేసింది. చనిపోయినవాణ్ణి ఎరిగినవాళ్లకే వాడు అలా జారిపడే మనిషి కాడని తెలుస్తుంది. అక్కడ దుఃఖమే మొదటి సాక్ష్యం.

ఆ దుఃఖం చేతపట్టుకుని ఆమె వెళ్లేది ఎక్కడికి? కాగితాల్లోకి. ధాన్యం రవాణా కాంట్రాక్టులు తక్కువ రేటు చెప్పినవాడికి కాకుండా మరొకడికి ఎందుకు వెళుతున్నాయి? ఈ లెక్క బూమ్ బూమ్ కంటపడింది. ఆ మరొకడు ఓడల యజమాని గ్రాఫాక్. గొప్ప వంశం. అతని ఓడలు పాతవి, చిన్నవి. పోటీదారుకి వెయ్యి అడుగుల కొత్త ఓడలున్నాయి. అంత ఓడని దాటించగల లాకు సూ కాలువలో పో లాకు ఒక్కటే. ధవళేశ్వరం లాకులు చూసినవాళ్లకి ఈ యంత్రాంగం వేరే చెప్పక్కర్లేదు. పాత పెట్టుబడి కొత్త పెట్టుబడితో పోటీ పడలేక మనుషుల ప్రాణాల మీదికి వస్తుంది. నవల పేరులోని 'లాక్' వట్టి శ్లేష కాదు, ఇతివృత్తానికి ఇరుసు.

ఈ నవలని విశాఖలో చదవడం వేరు. 1933లో తెరిచిన రేవు మనది. 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని 32 మంది ప్రాణాలిచ్చాక వచ్చిన కర్మాగారం మనది. 1997 సెప్టెంబరు 14న రిఫైనరీలో మంటలు, 2012 జూన్‌లో ఉక్కు కర్మాగారంలో పేలుడు, 2020 మే 7న ఎల్‌జీ పాలిమర్స్ నుంచి ఆర్.ఆర్. వెంకటాపురం మీదికి స్టైరీన్ విషవాయువు, అదే ఏడాది ఆగస్టు 1న షిప్‌యార్డులో క్రేన్ కూలి 11 మంది మృతి. అన్నిటికీ పత్రికల్లో పడిన మాట ఒకటే: ప్రమాదం. బిడ్డని పోగొట్టుకున్న తల్లి ప్రశ్నిస్తే ఆవేశం అంటారు, నష్టపరిహారం లెక్క చెబుతారు. దర్యాప్తు సంఘం నివేదిక ఆవేశం కాదు, తాటస్థ్యం! తొమ్మిదో తరగతి పిల్లవాడికి కూడా ఈ తేడా అర్థమవుతుంది, పాఠ్యపుస్తకాలకే అర్థం కాదు.

1991లో దీని ఆధారంగా సినిమా తీశారు. కాథ్లీన్ టర్నర్ నాయిక. అందులో బూమ్ బూమ్ ఆమెకి బంధువు కాడు, కొత్తగా పరిచయమైన మగవాడు. పైగా ఓడల యజమానుల తమ్ముడు! రక్త సంబంధాన్ని తీసేసి, చచ్చినవాణ్ణి శ్రామికవాడ నుంచి యజమాని ఇంటికి మార్చగానే కథ ఆస్తి తగాదా అయి కూర్చుంది. హాలీవుడ్‌కి ఏది అడ్డొచ్చిందో ఇంతకంటే స్పష్టంగా ఎవరూ చెప్పలేరు.

నవలకి లోపాలు లేవా? ఉన్నాయి. రేవు కూలీలు సాక్షులుగా వచ్చి రెండు మాటలు చెప్పి వెళ్లిపోతారు. ఆమె ఒంటరి పోరాటంలో వాళ్ల సంఘానికి చోటు లేదు. గ్రాఫాక్ దోషి అని తేలుతుంది గాని, అతణ్ణి తయారుచేసిన వ్యాపారం మర్నాడు యథాప్రకారం సాగుతుంది. ఇదే విశాఖలో వకీలుగా బతికిన రావిశాస్త్రి 'ఆరు సారా కథలు'లో రహస్యమంటూ లేకుండానే నేరాన్ని చూపించాడు. పోలీసు, ప్లీడరు, సారా వ్యాపారి అందరూ బాహాటంగానే ఉంటారు. హంతకుడెవరని వెతకాల్సిన పని పాఠకుడికి ఉండదు. ఆ చూపు పెరెట్‌స్కీకి 1984 నాటికి పూర్తిగా అలవడలేదు.

ఆమె అక్కడే ఆగిపోలేదు కూడా. 1988 నాటి 'బ్లడ్ షాట్' (బ్రిటన్‌లో 'టాక్సిక్ షాక్') మళ్లీ దక్షిణ చికాగోకే వెళుతుంది. ఈసారి రసాయనాల ఫ్యాక్టరీ. కార్మికుల రక్త పరీక్షల ఫలితాలు కంపెనీ డాక్టరు నోటు పుస్తకాల్లో ఏళ్ల తరబడి పడివుంటాయి. జబ్బు పడ్డ మనిషికి మాత్రం ఎవరూ చెప్పరు. 'డెడ్‌లాక్' చదివిన విద్యార్థులు వెంటనే దాన్ని చదవాలి. వెంకటాపురం పేరు మనసులో పెట్టుకుని చదవాలి.