నల్ల కాగితాల ఆల్బమ్

మా అమ్మమ్మ ట్రంకుపెట్టెలో నల్ల కాగితాల ఆల్బమ్ ఒకటుంది. ఫొటోల వెనక జిగురు రాయలేదామె. నాలుగు మూలలకూ చిన్న కాగితపు తొడుగులు పెట్టి నిలిపింది, పేజీల నడుమ బటర్ పేపర్ వేసింది. మైదా జిగురైతే పురుగు పట్టేది, సెలోటేప్ అయితే పచ్చబడి మరక మిగిల్చేది. ఎంత పనితనం! పక్కనే శుభలేఖలు, ఇన్‌ల్యాండ్ లెటర్లు, తెల్ల చీటీల మీద రెండేసి వాక్యాలు: ఎవరు, ఏ ఊరు, ఆ రోజు ఏం వండారు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి తన ఆత్మకథ ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’ రాసిందీ ఇలాంటి ఇంటి భాషలోనే. నాకు ఫొటోలకన్నా ఆ చీటీలే విలువైనవి. వంట సంగతి ఇంకెవరు చెబుతారు?

మీ ఇంట్లో పాత ఫొటోల్లోని వాళ్ల పేర్లు తెలిసిన పెద్దవాళ్లున్నారా? ఈ ఆదివారమే పక్కన కూర్చుని, ఫొటోల వెనక మెత్తటి పెన్సిల్‌తో రాయించుకోండి.