నిషిద్ధ వాద్యం: హార్మోనియం

సాంకేతికత సంస్కృతిని చెరుస్తుందన్న ఆందోళన మన దేశంలో కంప్యూటర్‌తో మొదలైనది కాదు. ఒక వాద్యయంత్రం విషయంలో ప్రభుత్వ ప్రసార వ్యవస్థ 1940లోనే తీర్పు చెప్పింది. ఆ ఏడాది ఆలిండియా రేడియో తన కేంద్రాలలో హార్మోనియాన్ని నిషేధించింది. స్వాతంత్ర్యానంతరం కూడా ఆ నిషేధం కొనసాగింది. 1971లో గాని ఆంక్షలు సడలలేదు, అప్పుడైనా పాక్షికంగానే.

ఈ వాద్యాన్ని ఆక్షేపించినవారు సామాన్యులు కారు. వారిలో ఆనంద కుమారస్వామి, రవీంద్రనాథ ఠాగూరు ఉన్నారు. వారి పక్షాన బలమైన వాదమే ఉంది. హార్మోనియంలో ప్రతి మెట్టు వెనుకా ఒక లోహపు రీడు ఉంటుంది. దాని స్థాయి తయారీలోనే స్థిరపడిపోతుంది. ఒక స్వరం నుంచి మరొక స్వరానికి జారడం, ఒకే స్వరాన్ని ఊగించడం దానికి చేతకాదు. తోడి రాగంలోని గాంధారాన్ని వీణ పలికించినట్టు ఏ మెట్టూ పలికించలేదు. విదేశీ పుట్టుకే దోషమైతే కర్ణాటక సంగీతంలో వయొలిన్‌కూ చోటు ఉండకూడదు. వయొలిన్ తంతిపై వేలు జారుతుంది. అదే దానిని కాపాడింది.

అయితే ఈ తీర్పుకు ప్రమాణం రాగసంగీతం ఒక్కటే. తెలుగునాట హార్మోనియం నిలదొక్కుకున్నది కచేరీలో కాదు, పద్యనాటక రంగంపైన. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు, బలిజేపల్లి వారి సత్యహరిశ్చంద్రీయం ఊరూరా ఆడిన కాలంలో మైకులు లేవు. ఆరుబయట, జనసమ్మర్దం మధ్య, నటుడు పద్యం ఎత్తుకొని చివర సుదీర్ఘంగా రాగం తీయాలి. ఆ రొదలో తంబుర నాదం ఎవరికీ వినిపించదు. హార్మోనిస్టు నటుడికి శ్రుతి అందించాడు. అతడు ఊపిరి తీసుకునే జాగాను స్వరంతో నింపాడు. పద్యం ముగిసీ ముగియకముందే తరువాతి పాత్రకు ఎత్తుగడ చూపాడు. గమకం పలికించే భారం నటుడి గొంతుదే. కచేరీలో దోషమైన ఆ స్థిరత్వమే ఇక్కడ గుణమైంది. 1885లో కడప జిల్లాలో అంకురించిన సురభి నాటకాల నుంచి హార్మోనియాన్ని వేరుచేసి ఊహించడం కష్టం.

కనుక ఆ నిషేధం పైకి వాద్యంపై తీర్పుగా కనిపించినా, ఆచరణలో దానిని ఆశ్రయించుకొన్న కళలపై కూడా తీర్పే. రంగస్థల పద్యాన్ని సంగీతంగా లెక్కించడానికి మన విద్వత్సభలు ఈనాటికీ సందేహిస్తాయి. ఆ సందేహానికి 31 ఏళ్ళపాటు ప్రభుత్వ ముద్ర కూడా తోడైంది.

ఇందుకు భిన్నమైన ఉదాహరణ ఒకటి ఉంది. 2022లో అకాల్ తఖ్త్, స్వర్ణదేవాలయ కీర్తనలో హార్మోనియాన్ని క్రమంగా తగ్గించి, పూర్వపు తంత్రీవాద్యాలను పునరుద్ధరించాలని సూచించింది. దానితో ఏకీభవించవచ్చు, విభేదించవచ్చు. కాని అక్కడ మాట్లాడినది ఆ కీర్తన ఎవరి ఆరాధనలో భాగమో వారి సంస్థ. 1940లో పద్యనాటక కళాకారులకు ఆ అవకాశం రాలేదు.

ఇప్పుడు నాటకశాలలో హార్మోనియం స్థానాన్ని ఎలక్ట్రానిక్ కీబోర్డు ఆక్రమిస్తున్నది. కచేరీ వేదికపైకి ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె పెద్దగా అలజడి లేకుండానే ప్రవేశించింది. దాని శ్రుతి శుద్ధమైనదే; ఆ కొలతలో వంక పెట్టడానికి ఏమీ లేదు. కాని గురువు వెనుక కూర్చొని తంబుర మీటుతూ, ఆయన గానాన్ని కచేరీ వెంట కచేరీగా విని నేర్చుకొన్న శిష్యుడి చోటు అనేక వేదికలపై ఖాళీ అయింది.