కాణి పొలం, ఉమ్మడి వంటశాల

చిత్తూరు నుంచి కాణిపాకం పోయే దారిలో ప్లాట్ల బోర్డు కనబడితే చాలు, మా మిత్రుల్లో ఎవరో ఒకరు అంటారు: "రెండెకరాలు తీసుకుందాం పాన్నా, అందరం పక్కపక్కనే ఇళ్లు కట్టుకుందాం." పిల్లలేమో బెంగళూరులో, డాలస్‌లో. మేం అనుకునే చోట ఎవరి గడప వారిదే. వంటశాల, చెట్టునీడ, జబ్బు చేసినప్పుడు తోడు మాత్రం ఉమ్మడి. నాకూ ఆ బతుకే కావాలి. కావాలి కాబట్టే అంటున్నాను, స్థలం బేరం ఆఖరున పెట్టుకుందామని.

ఈ తరహా ఇళ్లకు ఈ కాలంలో దారి వేసింది డెన్మార్క్ వాళ్లు. ఆర్కిటెక్టు యాన్ గుడ్‌మండ్ హోయర్ 1964లో కొందరు మిత్రులను కూడగట్టాడు. స్థలమూ కొన్నారు, చుట్టుపక్కల వాళ్లు అడ్డం తిరగడంతో అక్కడ ఇళ్లు లేవలేదు. 1972లో గానీ అక్కడి 27 ఇళ్ల ఉమ్మడి నివాసం సెట్టెడామెన్ నిలబడలేదు.

మన కాణిపాకం క్షేత్రం కథ ఇంకా పాతది. గుడ్డి, మూగ, చెవిటి అన్నదమ్ములు ముగ్గురు కాణి పొలానికి ఏతంతో నీళ్లు తోడుకుంటూ బతికారు. బావి ఎండితే దిగి తవ్వారు, రాయికి దెబ్బ తగిలి నెత్తురు ఉబికింది, వినాయకుడు బయటపడ్డాడు. ఆ మహిమకు ముందున్న రోజులంటేనే నాకు ఎక్కువ ఇష్టం. ఎవరికి ఏది చేతనవునో తెలుసుకుని పని పంచుకున్న రోజులవి. ఇక్కడే శంఖలిఖితుల కథా చెబుతారు. ఆకలికి ఆగలేక లిఖితుడు అడక్కుండా మామిడిపండు కోశాడు, అన్న శంఖుడే రాజుకు చెప్పాడు, తమ్ముడి చేతులు పోయాయి. ఏటిలో మునిగాకే తిరిగొచ్చాయి. దేన్ని అడిగి తీసుకోవాలో తేల్చుకోకపోతే తోబుట్టువులకే తిప్పలు తప్పలేదు.

ఉమ్మడి పొయ్యి మీద మాంసం వండొచ్చా? ఈ ప్రశ్న దగ్గర మేం చాలా వారాలు ఆగిపోయాం. పైకి రుచి సంగతిలా కనిపిస్తుంది గానీ లోపల ఉన్నది కులం. ఎవరి చేతి వంట ఎవరు తింటారన్నది పునాదులు తవ్వాక బయటపడకూడదు. అందుకే ఇప్పుడు ఆదివారాలు వంతులవారీగా ఒక్కో ఇంట్లో వండుకుని తింటున్నాం. ఒకరింట్లో రాగిసంగటి, ఊరిబిండి. ఇంకొకరింట్లో నాటుకోడి పులుసు. ఇద్దరు రావడం మానేశారు. బాధగానే ఉంది, అయినా ఇప్పుడే తెలియడం మంచిది.

ఈ వైపు తగువు ముదిరితే "కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" అంటారు. నమ్మకం తెగాక చేసేది ప్రమాణం. మేం నమ్మకం ఉన్నప్పుడే కాగితం రాసుకోవాలి. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద వేర్వేరు కుటుంబాల వాళ్లు పదిమంది కలిస్తే సంఘం రిజిస్టరు చేసుకోవచ్చు. బైలాస్ మనమే రాసుకోవాలి. ఇల్లు అమ్మదలచినవాళ్లు ముందు సంఘానికే చెప్పాలని, ధర కట్టే పద్ధతి ఇప్పుడే తేలాలని నేను పట్టుబడుతున్నాను. మా తర్వాత ఆ ఇళ్లు పిల్లలవి. సంక్రాంతికి వచ్చినప్పుడు వాళ్లనూ కూర్చోబెట్టి అడుగుతాం.