ముసలితనమునకు మరబొమ్మ తోడు

కాణిపాకములో వరసిద్ధి వినాయకుని ఎదుట ప్రమాణము చేయుట చిత్తూరు ప్రాంతపు ప్రజలలో ఎంతో కాలముగా ఉన్న ఆచారము. అప్పు తగాదాలు, దొంగతనపు అనుమానములు, త్రాగుడు మానెదనను మాటలు ఆ సన్నిధిలో చెప్పిన ఒక్క మాటతో తేలిపోవుచుండును. ఆ దేవుని ముందు నిలిచి అబద్ధమాడుటకు జంకని వారు అరుదు. ఇట్టి ఊరికి దగ్గరలో ఒక వృద్ధాశ్రమమున్నదనుకొందము. మతి తప్పిన ఒక అవ్వ ఒడిలో, కండ్లు మూసి తెరచుచు, సన్నగా కూయుచు, తోక కదలించు తెల్లని బొచ్చుబొమ్మను పెట్టి, “అవ్వా, ఇది నీకు తోడు” అని చెప్పినచో, ఆ మాట నిజమా, అబద్ధమా?

ఇది ఊరక వేసిన ప్రశ్న కాదు. అటువంటి బొమ్మ ఉన్నది. దాని పేరు పారో. జపాను దేశపు ప్రభుత్వ పరిశోధన సంస్థలో తకనోరి షిబాటా అను ఇంజనీరు 1993లో ఈ పని మొదలుపెట్టెను. 2005 నుండి బొమ్మ అమ్మకమునకు వచ్చినది. సీలు అను మంచు సముద్రపు జంతువు పిల్లను పోలి ఉండును. పొడవు 57 సెంటీమీటర్లు, బరువు సుమారు 2.7 కిలోలు, అనగా అప్పుడే పుట్టిన పసిబిడ్డకు కొంచెము తక్కువ. కుక్కను గాని పిల్లిని గాని చేయక సీలును ఎన్నుకొనుటలో ఒక తెలివి ఉన్నది. పిల్లి ఎట్లుండునో అందరికిని తెలియును గనుక, మరపిల్లిని చూచినవారు వెంటనే దాని లోపములు పట్టుకొనిరి. సీలును పెంచినవారు ఎవ్వరును లేరు గదా! పోల్చి చూచుటకు నిజమైనది ఎదుట లేనపుడు బొమ్మకు మార్కులు ఎక్కువగా పడును.

బొచ్చు క్రింద స్పర్శను, వెలుతురును, ధ్వనిని, వేడిని, తాను ఏ భంగిమలో ఉన్నదో దానిని పసిగట్టు పరికరములు ఉన్నవి. చిన్న మోటారులు కనురెప్పలను, మెడను, రెక్కలను, తోకను కదలించును. నిమిరినపుడు ఏ పని చేయుచుండెనో దానిని మరల చేయును. కొట్టినపుడు చేసిన పనిని మానుకొనును. పెట్టిన పేరును కొన్నాళ్లకు గుర్తుపట్టును. విద్యార్థులు గమనింపవలసినది ఏమనగా, ఇందులో ప్రేమ అను భాగము ఎక్కడను లేదు. ఉన్నది లెక్క మాత్రమే.

అమెరికా ప్రభుత్వపు ఆహార, ఔషధ నియంత్రణ శాఖ 2009లో దీనిని రెండవ తరగతి వైద్యపరికరముగా గుర్తించినది. అమ్మువారు ఈ సంగతిని గొప్పగా చెప్పుకొందురు. అయితే ఈ తరగతుల విభజన ముఖ్యముగా పరికరము వలన కలుగగల అపాయమును బట్టి చేయునది. జబ్బు నయము చేయునని ఇచ్చిన యోగ్యతాపత్రముగా దానిని చదువరాదు.

ఇక జబ్బు సంగతి. వైద్యులు డిమెన్షియా అను చిత్తవైకల్యమును మన ఇండ్లలో “వయసు మీద పడినది, చాదస్తము” అని సరిపెట్టుకొందురు. ఇది వట్టి మతిమరుపు కాదు. మెదడులోని కణములు క్రమముగా నశించి, నిన్నటి సంగతులు మొదట పోయి, తరువాత మనుషుల పేర్లు, దారులు, స్నానము, భోజనము కూడ చేయి జారిపోవును. 2023లో ప్రకటింపబడిన ఒక జాతీయ పరిశీలన ప్రకారము 60 ఏండ్లు దాటిన భారతీయులలో నూటికి 7.4 మందికి, అనగా సుమారు 88 లక్షల మందికి, ఈ వైకల్యము ఉన్నది. పూర్తిగా కుదుర్చు మందు నేటికిని లేదు. అందుచేత రోగి ఆందోళనను తగ్గించి, ఒంటరితనమును మరపించు ఏ సాధనమైనను ఆశతోనే చూడబడును. పారో మీద పుట్టిన ఆశయు అట్టిదే.

ఆ ఆశను గట్టిగా పరీక్షించిన పని ఒకటి ఆస్ట్రేలియాలో జరిగినది. గ్రిఫిత్ విశ్వవిద్యాలయమునకు చెందిన వెండీ మోయిల్, ఆమె సహచరులు 28 వృద్ధ సంరక్షణ గృహములలోని 415 మంది చిత్తవైకల్య రోగులను తీసికొని, ఫలితములను 2017లో ప్రకటించిరి. ఒక వర్గమునకు పారోను ఇచ్చిరి. మూడవ వర్గమునకు ఏమియు ఇవ్వక, ఎప్పటి సంరక్షణనే సాగనిచ్చిరి. నడిమి వర్గమునకు ఇచ్చినదే ఈ ప్రయోగమునకు ప్రాణము: అదే పారో, అదే బొచ్చు, అదే బరువు, కాని మర ఆపివేసినది! వారమునకు మూడుసార్లు, ఒక్కొక్కసారి 15 నిమిషములు, 10 వారములు ఈ విధముగా జరిపిరి.

ఏమి తేలినది? మర నడచు పారోతో వృద్ధులు ఎక్కువగా మాట్లాడిరి, దానిని ఎక్కువగా చూచిరి. ఏమియు ఇవ్వని వారితో పోల్చినచో, పారో వర్గములో సంతోషము హెచ్చు, ఆందోళన తక్కువ అని వీడియో చిత్రములలో కనబడినది. కాని మర ఆపిన బొమ్మతో పోల్చినపుడు, ఆ మాటలు, చూపులు తప్ప వేరు మేలు కనబడలేదు. పైగా ఆందోళనను వీడియోతో గాక ప్రశ్నావళితో కొలిచినపుడు మూడు వర్గముల నడుమ భేదమే లేకపోయెను. ఒకే వస్తువును రెండు కొలబద్దలతో కొలిచినపుడు రెండు జవాబులు వచ్చినచో, నచ్చిన జవాబును మాత్రము గోడకు అంటించుట శాస్త్రము కాదు. పారోను గూర్చి వచ్చు ప్రకటనలలో ఆపివేసిన బొమ్మ ఊసు సాధారణముగా కనబడదు.

అయినను, మాటలును చూపులును చిన్న సంగతులని కొట్టివేయరాదు. రోజంతయు గోడ వైపు చూచుచు కూర్చుండిన ముసలాయన పావుగంట సేపు దేనినో పలుకరించినాడన్న, ఆయనను చూచుకొను ఇంటివారికి అది పెద్ద సంగతియే.

పని తగ్గునను వాదము మాత్రము ఇంతకంటె బలహీనమైనది. బ్రిటిషు పరిశోధకుడు జేమ్స్ రైట్ జపానులోని ఒక సంరక్షణ గృహములో నెలల తరబడి ఉండి చూచినది 2023లో పుస్తకముగా వ్రాసెను. యంత్రములను తెచ్చి పెట్టుట, తుడుచుట, కాపలా కాయుట, తిరిగి సర్దుట అన్నియు పనివారి మీదనే పడెను. ఒకరు పారో బొచ్చు ఒలిచివేయుటకు ప్రయత్నించిరి. ఇంకొక ఆమె అది ప్రక్కన లేనిదే అన్నము ముట్టదు, పడుకొనదు. బొమ్మ వృద్ధురాలిని చూచుకొనుట పోయి, బొమ్మను, వృద్ధురాలిని కూడ చూచుకొనువారు కావలసివచ్చెను.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చును. ఆస్ట్రేలియా తాత్త్వికుడు రాబర్ట్ స్పారో 2002 నుండి చెప్పుచున్నది ఇది: ఇట్టి యంత్రము నిజమైన సుఖమును ఈయవలెనన్న, రోగి దానిని ప్రాణమున్నదిగా పొరబడవలెను; ఆ పొరపాటును కావలెనని కలిగించుట తప్పు. వాదము పదునైనదే. అయితే చిత్తవైకల్యమున్న వారందరును మోసపోవుదురనుకొనుట కూడ వారిని తక్కువ చేయుటయే. జబ్బు తొలి దశలో ఉన్న చాలమందికి అది బొమ్మ అని తెలియును, తెలిసియే నిమురుదురు. బొమ్మల కొలువు పెట్టు ఇల్లాలికి అవి మట్టివని తెలియదా?

తెలియని స్థితికి చేరిన వారి మాట వేరు. చనిపోయిన పెనిమిటి ఎప్పుడు వచ్చునని అడుగు అవ్వతో “సాయంత్రము బస్సుకు వచ్చును” అని కూతురు చెప్పుట మన ఇండ్లలో జరుగుచున్నదే. ఆ కూతురు అబద్ధమాడిన మాట నిజము. కాని అబద్ధము చెప్పి ఆమె అక్కడనే కూర్చుండును, అన్నము కలిపి పెట్టును. అదే అబద్ధమును బొమ్మకు అప్పగించి మనుషులు లేచిపోయినచో, లాభము ఎవరిది? అవ్వ ఆందోళన తగ్గుటకు బొమ్మను ఇచ్చుచున్నారా, అవ్వ పిలుపు వినబడకుండుటకు ఇచ్చుచున్నారా? పారో ఏ మాటయు చెప్పదు. ప్రమాణము చేయవలసినచో చేయవలసినది దానిని ఒడిలో పెట్టినవారు.

డబ్బు మాటయు ఉన్నది. అమెరికాలో పారో వెల సుమారు 6,000 డాలర్లు. మన లెక్కలో ఐదు లక్షల రూపాయలకు పైమాట. ఒక ఆయాకు నెలకు 15,000 రూపాయలు ఇచ్చినను, ఆ సొమ్ము రెండున్నర సంవత్సరములకు మించి వచ్చును. ఆస్ట్రేలియాలో “ఎప్పటి సంరక్షణ” అన్న మాటకు ఉన్న అర్థము మన జిల్లాలలోని ఆశ్రమములకు సరిపడదు గనుక, అక్కడి ఫలితమును ఇక్కడికి ఎత్తి తెచ్చుట కూడ పొరపాటే. ఈ చిక్కు కొత్తది కాదు. 1998లో ఏర్పడిన 10/66 పరిశోధక బృందమునకు ఆ పేరు ఎందుకు వచ్చినదనగా, చిత్తవైకల్య రోగులలో నూటికి 66 మంది బీద దేశములలో ఉండగా, వారిని గూర్చిన పరిశోధన నూటికి పది వంతులు కూడ లేకపోయెను. చిత్తూరుకు పొరుగుననున్న వేలూరు ప్రాంతపు పల్లెలు ఆ బృందము పని చేసిన చోట్లలో ఒకటి. చదువుకొన్న పాశ్చాత్యుల కొరకు వ్రాసిన ప్రశ్నలు బడికి పోని వృద్ధులను లేని జబ్బుకు గురిచేయుచున్నవని ఆ పనిలో బయటపడెను.

పారో వంటి మూగ బొమ్మకు భాష చిక్కు లేదు. మాట్లాడు మరమనుషులకు ఉన్నది. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు 648 మంది రోగులను పరిశీలించి, రెండు భాషలు మాట్లాడువారిలో ఈ వైకల్యము సుమారు నాలుగున్నర ఏండ్లు ఆలస్యముగా బయటపడుచున్నదని 2013లో ప్రకటించిరి. చదువురాని వారిలో కూడ ఈ భేదము కనబడెను. కాణిపాకము వైపు ముసలివారిలో తెలుగు, అరవము రెండును కలిపి మాట్లాడువారు కొల్లలు. జబ్బు ముదిరినకొలది వెనుక నేర్చిన భాష సడలి, తల్లి దగ్గర నేర్చినది మిగులుట తరచుగా కనబడును. “అన్నము తింటివా అవ్వా” అని అడుగవలసిన చోట రేడియో తెలుగులో “మీరు భోజనము చేసినారా?” అని యంత్రము అడిగినచో, ఆమె ప్రక్కకు చూచి ఎవరో అధికారి వచ్చినాడనుకొనును.

ఇట్టి యంత్రమును కొనదలచిన ఆశ్రమము ఏదైనను మొదట చేయదగిన పని ఒకటి ఉన్నది, అది ఉన్నత పాఠశాల విద్యార్థులు కూడ అర్థము చేసికొనగలది. బజారులోని దర్జీ చేత రెండున్నర కిలోల పైచిలుకు బరువుగల మెత్తని గుడ్డబొమ్మను కుట్టించవలెను. కొందరు వృద్ధులకు, వారి ఇంటివారి సమ్మతితో, పది వారముల పాటు దానిని ఇవ్వవలెను. మరికొందరి వద్ద అదే పావుగంట ఒక మనిషి కూర్చుండవలెను. ఎవరు ఎంత మాట్లాడిరి, ఎంత అన్నము తినిరి, రాత్రి ఎన్నిసార్లు లేచిరి అనునది, ఏ వృద్ధునికి ఏది ఇచ్చినారో తెలియని వేరొకరు వ్రాసికొనవలెను. ఐదు లక్షల సంగతి ఆ కాగితములు చూచిన తరువాత ఆలోచింపవచ్చును.