సీమచదువు: రెండు గ్రంథముల పరిశీలన

విద్యార్జనకై సముద్రము దాటిన విద్యార్థికి మొదటి పరీక్షను పెట్టునది విశ్వవిద్యాలయము కాదు. ఎవరిని ఎట్లు పలుకరింపవలెను, బల్లపై నున్న పదార్థములలో ఏది తినదగినది, టోపీ ఎప్పుడు తీయవలెను, గది అద్దెకిచ్చిన గృహిణితో ఎంతవరకు మాటలాడవచ్చును అను ప్రశ్నలే అతనికి తొలి ప్రశ్నపత్రము. వీనికి సమాధానములు ఏ గ్రంథాలయమునందును దొరకవు. ఈ పరీక్ష దాటుటనే లోకము కుదురుకొనుట అనుచున్నది. కుదురుకొనుట యనగా ఏమి? తెచ్చుకొన్నదానిని విడుచుటయా, లేక దానిని నిలుపుకొనుటయా? ఈ ప్రశ్నకు రెండు గ్రంథములు చెప్పిన సమాధానమును విచారించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

నేడు విదేశవిద్య అనేక రూపములు దాల్చినది. భారత, అమెరికా ప్రభుత్వములు 1950లో చేసికొన్న ఒడంబడికతో ఫుల్‌బ్రైట్ వేతనములు మన దేశమునకు వచ్చినవి. ఐరోపాలో 1987లో ఎరాస్మస్ పథకము మొదలై, ఒక విశ్వవిద్యాలయపు విద్యార్థి మరొక దేశపు విశ్వవిద్యాలయములో కొంతకాలము చదివి తిరిగివచ్చు పద్ధతిని వ్యాపింపజేసినది. ఇట్టి మార్పిడి విద్యార్థికి గడువు తక్కువ. ఒక్కొకప్పుడు అతడు కుదురుకొనుసరికే తిరుగు ప్రయాణపు దినము వచ్చును. కనుకనే కుదురుపాటును గూర్చి పూర్వులు వ్రాసినది అతనికి నేడు మరింత ఉపయోగకరము.

ఆ రెండు గ్రంథములలో మొదటిది మొక్కపాటి నరసింహశాస్త్రిగారి “బారిష్టరు పార్వతీశం”. రెండవది గాంధీమహాత్ముని ఆత్మకథలోని లండను ప్రకరణములు. ఈ ఆత్మకథ 1925 మొదలు 1929 వరకు నవజీవన్ పత్రికలో ప్రకటితమైనది. పార్వతీశం మొదటి భాగము కూడ ఇంచుమించు ఆ కాలముననే వెలువడినది. ఒకటి కల్పన, ఒకటి సత్యకథనము. ఒకటి హాస్యము, ఒకటి ఆత్మపరీక్ష. అయినను రెండింటి నాయకుడును ఒక్కడే: న్యాయవాది కాగోరి, ఇంగ్లీషు మాట సరిగా నోట పలుకక, ఓడ యెక్కిన యువకుడు.

పార్వతీశము మొగలితుర్రువాడు. తల్లిదండ్రులకు చెప్పక ఇల్లు వెడలిన సాహసి. రైలు ప్రయాణమే అతనికి వింత. మద్రాసులో దొరల వేషమునకై అతడు కొన్న టోపీ దొరసానుల టోపీ యని తరువాతగాని తెలియదు. ఈ ఘట్టమును తలచుకొని నవ్వని తెలుగు పాఠకుడు అరుదు. ఐతే ఆ నవ్వు ఎవరిపై నవ్వు? పల్లెటూరివాని అమాయకత్వముపై నవ్వు అని పలువురు తలతురు. తరగతిలో ఈ కథ చదువు బాలురును అట్లే నవ్వుదురు. అందు విమర్శకు తగిన విషయమొకటి మరుగున పడుచున్నది.

ఈ నవలను చెప్పువాడు పార్వతీశమే. నేను అను మాటతోనే కథ నడచును. తన అవివేకమును తానే ఇంత తేటగా చెప్పగలవాడు ఆ అవివేకమును దాటి వచ్చినవాడే కావలెను. మొగలితుర్రు నుండి అతడు సహజముగా తెచ్చుకొన్న మాట, మర్యాద, ఆప్యాయత అతనిని నవ్వులపాలు చేయలేదు. అతనిని నవ్వులపాలు చేసినది టోపీ. అది ఊరినుండి తెచ్చినది కాదు. సీమవానివలె కనపడుటకై తెలియక కొన్నది. రచయిత హాస్యమునకు గురి పల్లెతనము కాదు, అరువు తెచ్చుకొన్న పెద్దరికము. ఈ భేదమును గ్రహింపని పాఠకుడు తెలుగువాడై యుండియు తెలుగుతనమును చూచి నవ్వుచున్నాడు. అది రచయిత కోరిన ఫలము కాజాలదు.

గాంధీగారి కథలోను టోపీ కలదు. ఆయన 1888 సెప్టెంబరు 4వ తేదీన బొంబాయిలో ఓడ యెక్కిరి. అప్పటికి పందొమ్మిదేండ్లు నిండలేదు. ముల్లుగరిటె పట్టుట తెలియదు, వడ్డించువారిని అడుగుటకు మాట రాదు. కనుక చాల భాగము తన గదియందే యుండి, ఇంటినుండి తెచ్చుకొన్న మిఠాయిలను, పండ్లను తిని కాలము గడపిరి. దిగునాడు తెల్లని ఉన్నిబట్టలు ధరించిరి. అట్టివి వేసికొన్నవాడు ఆ రేవున మరియొకడు లేడు. ఆ సాయంకాలము హోటలునకు వచ్చిన డాక్టరు ప్రాణజీవన మెహతాగారి పట్టు టోపీని చేతబట్టి, నూగును ఎదురుగా నిమిరి చెదరగొట్టిరి. ఆయన కోపింపక చెప్పిన హితవులు నేటికిని చదువదగినవి: ఇతరుల వస్తువులను తాకరాదు, తొలి పరిచయముననే మన దేశములో వలె ప్రశ్నలు వేయరాదు, బిగ్గరగా మాటలాడరాదు, ప్రతివానిని అయ్యా యని సంబోధింపరాదు.

తరువాత మూడు నెలల అనుకరణ. పందొమ్మిది షిల్లింగుల టోపీ, పది పౌనుల విందుదుస్తులు, బంగారు గొలుసు, మూడు పౌనులిచ్చి నాట్యము, మూడు పౌనులతో వయొలిను, పైగా ఉపన్యాసకళ. నాట్యమున అడుగు తాళమునకు కుదరలేదు. తాను చదువుటకు వచ్చిన విద్యార్థినని స్ఫురించిన దినమున ఆయన ఇవియన్నియు మానిరి. పార్వతీశమునకు టోపీయొక్క అసలు స్వరూపము ఇతరుల వలన తెలిసెను. గాంధీగారికి తనంతట తెలిసెను. తక్కినది ఇద్దరికిని ఒక్కటే.

అనుకరణము ఆయనను కుదురుకొననీయలేదు సరే, మరి కుదుర్చినదేది? ఇచ్చటనే ఈ ప్రకరణముల సారమున్నది. మాంసము ముట్టనని తల్లియెదుట చేసిన ప్రతిజ్ఞ మొదట ఆయనకు పెద్ద ఆటంకము. మిత్రులు హేళన చేసిరి. బసచేసిన యిండ్లలో కడుపునిండ లేదు. రాత్రులయందు ఇల్లు, తల్లి తలపునకు వచ్చి కన్నీరు పెట్టిరి. అట్లు తిరుగుచు తిరుగుచు ఫారింగ్డన్ వీధిలో ఒక శాకాహారశాలను కనుగొనిరి. అచ్చటనే ఒక షిల్లింగునకు హెన్రీ సాల్టు వ్రాసిన శాకాహార గ్రంథమును కొనిరి. అంతవరకు మాటకై పాటించిన నియమము అప్పటినుండి స్వబుద్ధితో ఒప్పుకొన్న నియమమైనది. ఆ శాల ద్వారముననే ఆయనకు ఇంగ్లీషు మిత్రులు లభించిరి. శాకాహార సంఘపు కార్యవర్గములో స్థానము లభించెను. తానున్న బేస్‌వాటరు పేటలో ఒక చిన్న సంఘమును స్థాపించి, సర్ ఎడ్విన్ ఆర్నాల్డును ఉపాధ్యక్షుడుగా పిలిచి, తాను కార్యదర్శియైరి. పరదేశమున తన్ను ఒంటరిని చేసినదనుకొన్న మాతృవాక్యమే ఆయనను ఒక సమాజమున చేర్చినది.

ఐనను తెచ్చుకొన్నదానిని మాత్రము పట్టుకొని కూర్చుండినవాడు కుదురుకొనెనని చెప్పరాదు. గాంధీగారు లండను విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషనుకు లాటిను చదివి, ఒకసారి తప్పి, మరల కూర్చుండి గెలిచిరి. ఫ్రెంచి నేర్చిరి. పైస పైసకు లెక్క వ్రాసి, బండి ఖర్చు మాని నడచిరి. ఆ దేశపు భాషను, శ్రమను, క్రమమును గ్రహించిరి. వేషమును మాత్రమే పనికిమాలినదని తెలిసికొనిరి. 1891 జూను 10వ తేదీన బారిష్టరై, రెండు దినములకే స్వదేశమునకు ఓడ యెక్కిరి.

గుణములతోపాటు లోపములనుకూడ చెప్పవలెను. గాంధీగారు ఈ ప్రకరణములను వ్రాయునాటికి ఏబది ఏండ్లు దాటినవారు. ప్రతి తొట్రుపాటును నీతిగా మలచుట ఆయనకు అలవాటు. అందుచే ఆ కన్నీటి రాత్రులకు దక్కినవి కొన్ని వాక్యములే. ఒంటరితనమునకు నీతి లేదు. అది బాధ మాత్రమే. పాఠకుడు అచ్చట మరికొంతసేపు నిలువగోరును, రచయిత నిలువనీయడు. పార్వతీశమున లోపము దీనికి వ్యతిరేకము. హాస్యము ధారగా సాగుటచే ఒక అవమానము మనస్సున దిగకమునుపే మరొకటి వచ్చి నవ్వించును. రెండు గ్రంథములను పక్కపక్కన చదివినవానికి మాత్రము విదేశ విద్యార్థి సంపూర్ణముగా కనబడును: పగలు నవ్వులపాలైనవాడు, రాత్రి ఏడ్చినవాడు ఒక్కడే యని.

ఈ సంచిక పాఠకులకు మరింత చేరువయైన ఉదాహరణ యొకటి కలదు. బ్రహ్మపురమున తెలుగు కుటుంబములో జన్మించిన వరాహగిరి వేంకటగిరిగారు 1913లో డబ్లినుకు పోయి, అచ్చటి యూనివర్సిటీ కళాశాలలోను, కింగ్స్ ఇన్స్‌లోను చదివిరి. ఆ కళాశాలలో ఆంగ్లసాహిత్యమును బోధించిన కవి థామస్ మెక్‌డొనా 1916 ఈస్టరు తిరుగుబాటున పాల్గొని, మే 3వ తేదీన కాల్చి చంపబడెను. గిరిగారు ఆ సంవత్సరమే స్వదేశమునకు మరలిరి. అనంతరము కార్మికనాయకులై, 1969 నుండి 1974 వరకు రాష్ట్రపతిగా నుండిరి. స్వదేశపు పరాధీనతను మరువకుండ పోయిన విద్యార్థికి ఐర్లండు కేవలము పరదేశముగా కనబడలేదు. ఫారింగ్డన్ వీధిలో నియమము చేసిన పనిని డబ్లినులో దేశాభిమానము చేసినది.

నేటి విద్యార్థికి ఇంటితో మాటలాడుటకు ఉత్తరమునకై నెలల తరబడి వేచియుండ నక్కరలేదు. ప్రతి సాయంకాలము తల్లి ముఖమును చూచుచు మాటలాడవచ్చును. ఇది వరమే. కాని తరగతి ముగియగనే గది తలుపు వేసికొని, ఇంటివారితోడను తనవారితోడను మాత్రమే కాలము పుచ్చువాడు తెచ్చుకొన్న మిఠాయిలతో ఓడగదిలో కూర్చుండినవాడే. అన్నిటిని విడిచి పరుల ఉచ్చారణను, వేషమును ధరించువాడు పార్వతీశము టోపీ పెట్టుకొన్నవాడు. ఈ రెండింటి నడుమ నున్న మార్గము ఫారింగ్డన్ వీధి.

ఆ మార్గము ఆంధ్రదేశమునకు వెలుపల తరతరములుగా నిలిచిన తెలుగు కుటుంబములకు క్రొత్తది కాదు. ఇంట తెలుగు, వీధిలో కన్నడమో, తమిళమో, ఒడియాయో, మరాఠీయో పలుకుట ఆ యిండ్ల బిడ్డలకు పుట్టుకతో వచ్చిన విద్య. యానాములో ఇంటను వీధిని తెలుగే యైనను, 1954 వరకు కచేరీలో ఫ్రెంచి యుండెను. ఇట్టి బిడ్డ రేపు ఏ దేశపు విశ్వవిద్యాలయమునకు పోయినను, రెండు లోకముల నడుమ నడచుటలో అతనికి ముందుగనే అభ్యాసమున్నది. అయితే ఇంటి భాషను నేర్పుట బరువని తలచి ఆ యింటివారే దానిని ముందుగా దింపివేసినచో, ఆ అభ్యాసము నశించును. ఓడ యెక్కునాటికి వానిచేత టోపీ తప్ప మరేమియు మిగులదు. తెలుగు తరగతులలో పిల్లల సంఖ్య తగ్గుచున్న ప్రతి యూరిలోను ఈ మాటను తలిదండ్రులు ఆలోచింపవలసియున్నది. పార్వతీశమును చదివి పిల్లలు నవ్వవచ్చును, నవ్వవలసినదే. నవ్వు ముగిసిన పిమ్మట, ఇతడు నవ్వులపాలైనది తెలుగువాడగుటచేతనా, టోపీచేతనా అని వారిని ఒకసారి అడుగుట పెద్దల విధి.