సందెవేళకు రూపమిచ్చిన కథలు

జానపద విశ్వాసములను పరిశీలించువారు వానిని పొరలుగా విడదీయుటకు అలవాటుపడిరి. మలయా మాంత్రిక సంప్రదాయములపై ఆర్. ఓ. విన్‌స్టెట్ 1925లో వెలువరించిన గ్రంథమునకు 'షామన్, శైవ, సూఫీ' అను పేరుంచుటయే ఇందుకు నిదర్శనము. చరిత్రకారునకు ఈ విభజన ఉపకరించును. కథను కథగా చదువువానికి చాలదు. సంధ్యవేళను గూర్చి జావాలో ప్రచారముననున్న కథలే ఇందుకు తార్కాణము.

చీకటి పడునప్పుడు షైతానులు సంచరింతురు గనుక బిడ్డలను లోపల నుంచుకొనవలెననియు, కొంత రాత్రి గడచిన పిమ్మట విడువవచ్చుననియు, దైవనామముతో తలుపులు మూసి పాత్రలపై మూతలు పెట్టవలెననియు బుఖారీ హదీసు సంకలనమున ప్రవక్త బోధ కలదు. ఇందు భయమునకు మేర కలదు. భూతమునకు ఆకారము లేదు. ఇస్లామీయ గణనలో దినము సూర్యాస్తమయముతోనే ఆరంభమగును. మగ్రిబ్ నమాజు ఆ వేళదే. కనుక అది భయకాలమేకాక ప్రార్థనాకాలము కూడ.

ఆ వేళకు ఆకారమునిచ్చినది జానపదము. పశ్చిమ జావాలోని సుండా ప్రజల 'సందెకాల' మగ్రిబ్ వేళ బయట తిరుగు పిల్లలను ఎత్తుకొనిపోవు భూతము. ఈ పేరు సంస్కృత 'సంధ్యాకాల' శబ్దమే. తెలుగువారికి 'సందె' యైనదియు అదియే. కాలవాచకమచట ప్రాణియైనది. ఇండొనేసియా రచయిత సనుసి పానె మజాపహిత్ సామ్రాజ్య క్షీణదశపై తాను వ్రాసిన నాటకమునకు ఈ శబ్దముతోనే పేరుపెట్టెను. నాటకకర్తకు రాజ్యాస్తమయమైన మాట తల్లికి బిడ్డను ఇంటికి పిలుచు సాధనమైనది.

మధ్య జావాలోని సెమరాంగ్ ప్రాంతపు వేవే గోంబెల్ కథ ఇంకను లోతైనది. తలిదండ్రులు నిర్లక్ష్యము చేసిన బిడ్డలను ఆమె ఎత్తుకొనిపోవును, కాని హింసింపదు. పెద్దలు పశ్చాత్తాపపడిన పిదప తిరిగి అప్పగించును. బిడ్డను బెదరించుటకు చెప్పిన కథ పెద్దలపై తీర్పుగా పరిణమించినది. ఇది హదీసునుండి పుట్టినదని చెప్పుట నా ఉద్దేశము కాదు. అచ్చట పెద్దలకు విధింపబడిన బాధ్యత ఇచ్చట తప్పినచో కలుగు ఫలముగా కనబడుచున్నది. మూలములు వేరైనను, రెండును ఒకే గడపయొద్ద నిలిచినవి.

మతశుద్ధి పేరిట ఇట్టి కథలను త్రోసివేయువారును, పూర్వమత శిథిలములుగా భద్రపరచువారును ఒకే పొరపాటు చేయుచున్నారు. కథ నేటికిని చేయుచున్న పనిని ఉభయులును గమనింపరు. 2023లో ఇండొనేసియాలో 'వక్తు మగ్రిబ్', అనగా 'మగ్రిబ్ వేళ', అను చలనచిత్రము వెలువడినది. ఈ భయము ఇంకను సజీవమే. అయితే భూతమును మాత్రమే మిగిల్చి, బిడ్డకై ఎదురుచూచు ఇంటిని విడిచిపెట్టిన రచన ఈ సంప్రదాయములో సగమునే గ్రహించినట్లు. మన పల్లెల సందెవేళ కథలను సేకరించువారు భూతము పేరుతోపాటు, ఆ వేళ ఎవరు ఎవరిని ఇంటికి పిలిచిరో కూడ వ్రాసియుంచవలెను.