క్రౌన్ కూత పెట్టకూడదు

విజయవాడ ఆటోనగర్‌లో ఇంజను విప్పేవాళ్లు వీధికి పదిమంది దొరుకుతారు. గేర్‌బాక్స్ విప్పేవాళ్లూ దొరుకుతారు. హౌసింగ్ పని, అంటే యాక్సిల్ నడుమ ఉండే పళ్ల చక్రాల గూటి పని మాత్రం అందరూ ముట్టరు. ఇంజనులో చెయ్యి తిరిగిన మెకానిక్ కూడా వెనక యాక్సిల్ దగ్గరికి వచ్చేసరికి, ‘దీనికి వేరే మేస్త్రీ ఉన్నాడండీ’ అని మరో షెడ్డు చూపిస్తాడు. ఆ షెడ్డులో బల్ల మీద డయల్ గేజి, మైక్రోమీటరు, రేకుల కట్టలాంటి షిమ్ములు, నీలం రంగు ట్యూబు ఉంటాయి. పెద్ద సుత్తి ఎక్కడో మూల పడి ఉంటుంది. నా దృష్టిలో మోటారు పనుల్లో ఇంతకు మించిన పని లేదు.

చేసేదేమిటో చెబుతాను. ఇంజను తిప్పే ప్రాపెల్లర్ షాఫ్టు బండి పొడవునా వస్తుంది. చక్రాలు అడ్డంగా ఉంటాయి. ఆ తిరుగుడును పక్కకు మళ్లించేవి రెండు పళ్ల చక్రాలు: చిన్నది పినియన్, పెద్దది క్రౌన్. క్రౌన్‌కు బిగించిన గూట్లో స్టార్ పినియన్లు ఉంటాయి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం తిరిగేలా చూసేది అవే. డిఫరెన్షియల్ అనే ఈ ఏర్పాటును పారిస్‌లో పెకూర్ అనే ఆయన ఆవిరి బండి కోసం 1820లలోనే కనిపెట్టాడంటారు. మన దగ్గర ఈ విద్య పాకింది జీపులతోనే. 1940ల చివర్లో బొంబాయిలో మహీంద్రావాళ్లు విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టాక మెకానిక్కులు చూసి, విప్పి, విరగ్గొట్టి నేర్చుకున్నారు.

క్రౌన్ పళ్లకూ పినియన్ పళ్లకూ ఉండే లెక్కే రేషియో. దాన్ని మార్చడం ఎందుకు? అసలు విషయం ఇక్కడుంది. పాత జీపుల్లో క్రౌన్‌కు 43 పళ్లు, పినియన్‌కు 8. అంటే పినియన్ 5.38 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు. త్రీ స్పీడ్ గేర్‌బాక్స్‌లో ఫస్టు 2.80, ముందు వెనక యాక్సిళ్లకు తిరుగుడును పంచే ట్రాన్స్‌ఫర్ కేసులో లో గేరు 2.46. మూడూ గుణిస్తే 37 వస్తుంది. ఇంజను 37 చుట్లు తిరిగి చక్రాన్ని ఒక్క చుట్టు తిప్పుతుంది. బొర్రా దగ్గర కటికి జలపాతం దారిలాంటి రాళ్ల బాటలో జీపు నింపాదిగా, ఇంజను ఆగకుండా పాకుతుందంటే కారణం ఆ లెక్కే. అదే జీపు జాతీయ రహదారి ఎక్కితే ఇంజను గోల చేస్తుంది, ఇంధనం తాగుతుంది, 60 దాటాలంటే ఏడుస్తుంది. అందుకే డీజిల్ ఇంజను వేయించుకున్నవాళ్లు 47కు 11 పళ్లున్న 4.27 సెట్టుకు మారతారు. అప్పుడు ఆ 37 కాస్తా 29కి పడిపోతుంది. రోడ్డు మీద హాయి, కొండ మీద కష్టం. మధ్యేమార్గం కావాలంటే 39కి 8 పళ్లది, 4.88 ఉంది.

పికప్పులకు దీని తలకిందుల బాధ. మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్ మొదలుకొని అమెరికా వాళ్ల భారీ ట్రక్కుల దాకా కొనగానే చాలామందికి పుట్టే మొదటి కోరిక పెద్ద టైర్లు. ఏ బండైనా సరే, 4.10 రేషియో ఉన్న పికప్పుకు 28 అంగుళాల టైరు తీసి 33 అంగుళాలది ఎక్కించారనుకోండి. చుట్టుకొలత 18 శాతం పెరిగింది, లాగే బలం దానికి తగ్గట్టు పడిపోయింది. స్పీడోమీటరు 80 చూపిస్తుంటే బండి 94 మీద పోతుంటుంది. పాత ఊపు తిరిగి రావాలంటే రేషియో 4.83 దాకా పెరగాలి. దొరికే సెట్లలో దానికి దగ్గరిది 4.88. దీని బదులు ఇంజనుకు చిప్పు పెట్టించుకుని మురిసిపోయేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. బలం పెంచే చోటు క్రౌన్ దగ్గర ఉంటే కంప్యూటరు దగ్గర వెతుకుతారేమిటి?

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ముందు యాక్సిల్‌కూ వెనక యాక్సిల్‌కూ ఒకే రేషియో ఉండి తీరాలి. డబ్బు మిగుల్చుకుందామని వెనకది మాత్రమే మార్పించి, ముందు పాత 4.88 వదిలేసిన పికప్పు ఒకటి నేను చూశాను. మామూలు రోడ్డు మీద ఏ గొడవా లేదు. వానాకాలం పాడేరు వైపు ఘాట్‌లో ఫోర్-వీల్ వేయగానే ముందు చక్రాలొక లెక్కలో, వెనక చక్రాలొక లెక్కలో తిరగబోయాయి. తారు మీద జారే వీలు లేక ఆ బిగింపంతా ట్రాన్స్‌ఫర్ కేసు మీద పడి అది పగిలింది. ఆ పని చేసిన షెడ్డువాళ్లు ‘రోడ్డు బాగాలేదు’ అన్నారట!

పాత బండి కొనేటప్పుడు రేషియో ఎంతో తెలుసుకోవడానికి మేస్త్రీలు చేసే పరీక్ష చూడాలి. వెనక ఒక్క చక్రాన్ని జాకీతో లేపుతారు, రెండోది నేల మీదే ఉంటుంది. బండి న్యూట్రల్. లేపిన చక్రం మీదా ప్రాపెల్లర్ షాఫ్టు మీదా సుద్దముక్కతో గీత గీసి, చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పుతారు. షాఫ్టు నాలుగు చుట్లు దాటి పావు చుట్టు పైచిలుకు తిరిగితే అది 4.27. ఒక్క బోల్టు విప్పనక్కర్లేదు.

ఇక అసలు పనితనం. క్రౌన్, పినియన్ ఫ్యాక్టరీలో జంటగా పుడతాయి. రెంటినీ కలిపి ఒరిపిడి పెట్టి, ఒకే నంబరు చెక్కుతారు. పినియన్ తల మీద ప్లస్సో మైనస్సో గుర్తుతో చిన్న అంకె కూడా ఉంటుంది. మన జీపుల వెనక ఉండే డానా 44 రకం యాక్సిల్‌లో ప్లస్ 3 అంటే పినియన్ లోతు సరిచేసే షిమ్ము మూడు థౌలు తగ్గించమని. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. మంచి మేస్త్రీ హౌసింగ్ విప్పగానే బేరింగు క్యాపులకు ఎడమా కుడీ తెలిసేలా పంచ్‌తో చుక్కలు కొడతాడు. అవి తారుమారైతే ఆ హౌసింగ్ ఇక కుదురుకోదు. తర్వాత పాత షిమ్ములను మైక్రోమీటరుతో కొలిచి రాసుకుంటాడు. కొత్త బేరింగులు వెంటనే దిగ్గొట్టడు. పాత బేరింగుల రేసులను కాస్త అరగదీసి, చేత్తో ఎక్కి చేత్తో దిగేలా చేసుకుని, ముందు వాటితో బిగించి చూస్తాడు. ఎందుకంటే షిమ్ము ఒక్కసారితో కుదరదు. విప్పాలి, మార్చాలి, మళ్లీ బిగించాలి.

పినియన్ బేరింగుల బిగువు చూడటానికి టార్క్ రెంచీ లేని రోజుల్లో పెద్ద మేస్త్రీలు స్ప్రింగు త్రాసు వాడేవారు. ఫ్లాంజికి దారం చుట్టి, త్రాసు కొక్కేనికి కట్టి, నిదానంగా లాగుతూ ముల్లు ఎక్కడ నిలిచిందో చూసేవారు. కొత్త బేరింగులైతే డానా 44కి అంగుళ-పౌన్లలో 20 నుంచి 40 మధ్య రావాలి. తగ్గితే పినియన్ ఊగుతుంది, పెరిగితే బేరింగు మాడుతుంది. ఈ యాక్సిల్‌లో ఆ బిగువును కూడా షిమ్ములతోనే సరిచేస్తారు. చాలా కొత్త బండ్లలో దాని బదులు నలిగే గొట్టం ఒకటి వస్తోంది. ఒకసారి ఎక్కువ నలిగితే పారేయాల్సిందే. నేను షిమ్ముల పక్షం, మొహమాటం లేకుండా.

ఆ తర్వాత క్రౌన్ పంటికి డయల్ గేజి ఆనించి, పినియన్ కదలకుండా పట్టుకుని క్రౌన్‌ను ముందుకూ వెనక్కూ ఆడిస్తారు. ఆ సందు 5 నుంచి 9 థౌలు ఉండాలి. 5 థౌలంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. ఒక్కచోట చూస్తే చాలదు. క్రౌన్ తిప్పుతూ నాలుగు చోట్ల చూడాలి, ఆ నాలుగింటికీ తేడా 3 థౌలు మించకూడదు. నాకు తెలిసిన ఒక పెద్దాయన గేజి పెట్టకముందే క్రౌన్‌ను రెండు వేళ్లతో కదిపి, నాడి చూసే వైద్యుడిలా కళ్లు మూసుకుని ‘ఏడు’ అనేవాడు. గేజి పెడితే ఏడే. అంత చెయ్యి ఉండి కూడా గేజి పెట్టకుండా ఏనాడూ హౌసింగ్ మూయలేదు. అదీ గొప్పతనం.

చివరి తీర్పు నీలం రంగుది. ఐదారు పళ్లకు రంగు పలచగా పూసి, క్రౌన్ చుట్టూ గుడ్డ బిగించి పట్టుకుని, పినియన్‌ను అటూ ఇటూ తిప్పుతారు. పళ్లు ఒరుసుకున్న చోట రంగు చెదిరి ముద్ర పడుతుంది. అది పంటి ఎత్తుకు నట్టనడుమ, నున్నని అంచులతో రావాలి. నా కంటికి బాగానే ఉందనిపించి ఒకసారి అడిగాను, “అయిపోయినట్టేనా మేస్త్రీ గారూ?” అని.

“ఇప్పుడే ఏమైందండీ? ముద్ర పంటి నెత్తి మీద పడుతోంది, చూడండి. పినియన్ ఇంకో మూడు థౌ లోపలికి దిగాలి” అని మళ్లీ మొత్తం విప్పాడు. ముద్ర నెత్తి మీద పడితే పినియన్ దూరంగా ఉన్నట్టు, పంటి మొదట్లో పడితే మరీ లోపలికి దిగినట్టు. ఆ పూట ఆయన అలా ఎన్నిసార్లు విప్పాడో! కసురుకోలేదు, ‘చాల్లే, నడుస్తుంది’ అనలేదు. ఆ రాత్రి ట్రయల్ వేస్తే 40 నుంచి 80 దాకా క్రౌన్ ఉలుకూ పలుకూ లేదు.

ఈ పళ్లను కోసే యంత్రాలను ప్రపంచానికి ఇచ్చినవారినీ తలుచుకోవాలి. రోచెస్టర్‌లోని గ్లీసన్ కంపెనీ స్థాపకుడి కూతురు కేట్ గ్లీసన్ చిన్నతనంలోనే తండ్రి షాపులో పనికి దిగి, ఆ గేరు యంత్రాలను దేశదేశాల్లో అమ్మింది. 1914లో అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘంలో పూర్తి సభ్యత్వం పొందిన తొలి మహిళ ఆమె. అదే కంపెనీలో వైల్డ్‌హేబర్ అనే ఇంజనీరు పినియన్‌ను క్రౌన్ నడిమి గీత కంటే కిందికి జరిపే హైపాయిడ్ పద్ధతికి రూపమిచ్చాడు. 1926లో ప్యాకార్డ్ కార్లలో అది వచ్చింది. పళ్లు ఒకదానిమీద ఒకటి జారుతూ కలుస్తాయి కాబట్టే అందులో జిఎల్-5 రకం నూనే పోయాలి.

ఇంత విద్యకు ఇవాళ పట్టిన గతి చూస్తే కడుపు మండుతుంది. జంట నంబరు లేని డూప్లికేటు సెట్లు సగం ధరకు అమ్ముతున్నారు. ఒక డబ్బాలోని క్రౌన్‌కు మరో డబ్బాలోని పినియన్ తగిలిస్తున్నారు. పైపొర గట్టిదనం అరిగిందంటే లోపల మెత్తటి ఇనుము, నాలుగు లోడ్లకే పళ్లు కొరుక్కుపోతాయి. పాత షిమ్ములే, పాత బేరింగులే, రంగూ గేజీ ఊసే లేదు. పొద్దున ఇచ్చి సాయంత్రం తీసుకెళ్లమంటారు. కూత పెడితే ‘కొత్తది కదండీ, అరిగితే పోతుంది’ అంటారు. అది పచ్చి అబద్ధం. తప్పుగా కూర్చున్న పన్ను అరిగేకొద్దీ కూత పెరుగుతుంది. అంతకంటే ఘోరం, బండి అమ్మేముందు మోత వినపడకుండా నూనెలో రంపపు పొట్టు కలపడం! డిఫరెన్షియల్ లాక్ పెట్టిస్తామని స్టార్ పినియన్లను వెల్డింగు చేసి పడేసేవాళ్లూ ఉన్నారు. ఆ బండి తారు రోడ్డు మలుపులో టైర్లు ఈడ్చుకుంటూ పోతుంది, ఏదో ఒక రోజు యాక్సిల్ రాడ్ విరుగుతుంది.

తప్పంతా షెడ్లదే అనను. టైర్లకు లెక్క చూసుకోకుండా ఖర్చుపెట్టే ఓనరు, రోజంతా వంగి షిమ్ములు మార్చిన మేస్త్రీ దగ్గర కూలి బేరమాడతాడు. అందుకే ఆ మేస్త్రీల పిల్లలు ఈ పనిలోకి రావడం లేదు. బండి యజమానులారా, మీ హౌసింగ్ ఇచ్చేటప్పుడు రెండు రోజులు గడువివ్వండి. సెట్టు మీద జంట నంబర్లు మీరే చదివి చూసుకోండి. నాలుగు చోట్ల తీసిన గేజి లెక్క బిల్లు మీద రాయమనండి, నీలం ముద్రను ఫోనులో ఫొటో తీసుకోండి. కొత్త సెట్టుతో మొదట పాతిక కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి చల్లారనివ్వండి, 800 కిలోమీటర్ల దాకా బరువు లాగించకండి, ఆ తర్వాత నూనె మార్పించండి. ఆటోనగర్ సంఘాల పెద్దలకూ ఐటీఐల వారికీ చెప్పేదొక్కటే. చెయ్యి తిరిగిన మేస్త్రీలు ఇంకా కొందరున్నారు. వాళ్లకు జీతమిచ్చి, ఒక పాత డానా 44 హౌసింగ్ బల్ల మీద పెట్టి, నలుగురు కుర్రాళ్లను పక్కన నిలబెట్టండి. ఈ ఏడాదే చేయండి.